నూట నలభై మూడు ఎర్ర గీతలు

2003 జూన్. మెదక్‌లో మా గ్రంథాలయానికి అప్పుడు రెండు గదులు, ఒక వరండా. ముందు గదిలో పేపర్లు చదివే బల్లలు, వెనక గదిలో పదకొండు బీరువాలు. రిజిస్టరు ప్రకారం పుస్తకాలు ఎనిమిది వేల ఆరు వందల పన్నెండు. చేతితో లెక్కపెడితే ఎనిమిది వేల నాలుగు వందల తొంభై. తక్కువ పడిన నూట ఇరవై రెండు పుస్తకాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో నాకు దాదాపుగా తెలుసు. నేను అక్కడ 1976లో చేరి, 2011లో పదవీ విరమణ చేశాను.

లైబ్రేరియన్ పని అంటే పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం అని చాలామంది అనుకుంటారు. అసలు పని ఏడాదికొకసారి జూన్‌లో వచ్చేది. దాన్ని బుక్ సెలక్షన్ అంటాం. ఆ ఏడాది కొనదగ్గ కొత్త పుస్తకాలు నలభై ఏరి, జాబితా రాసి, బస్సు దూరంలో ఉన్న జిల్లా కేంద్రంలోని పై ఆఫీసుకు పంపాలి. అక్కడ కమిటీ ఒప్పుకున్నవి కట్ట కట్టి పంపుతారు. కట్ట రాగానే ఒక్కో పుస్తకానికి యాక్సెషన్ రిజిస్టర్‌లో వరుస నంబరు వేస్తాం. ఆ నంబరు పడితేనే అది గ్రంథాలయ పుస్తకం. పడకపోతే ఎంత మంచి పుస్తకమైనా మా లెక్కలో లేనట్టే.

నలభై అడిగితే నలభై వస్తాయనుకునేరు. 2002లో వచ్చిన కట్టలో నూట పన్నెండు పుస్తకాలున్నాయి. విప్పి విడివిడిగా పేర్చి చూశాను. జీవితంలో గెలవడం ఎలా అని చెప్పేవి నలభై ఒకటి. పోటీ పరీక్షల గైడ్లు ఇరవై ఆరు. వాస్తు పంతొమ్మిది. ఒకే భక్తి పుస్తకం పద్నాలుగు కాపీలు. మిగిలినవి పన్నెండు. ఆ పన్నెండులో నేను అడిగినవి మూడు. ఊళ్లో ఫ్యాక్టరీల మాట, కంప్యూటర్ల మాట కొత్తగా మొదలైన రోజులవి. గెలుపు గురించి నలభై ఒక్క పుస్తకాలు చదివినవాడు కూడా తన పొలంలో ఎండిన బోరుకు ఏం చేయాలో తెలుసుకోలేడు. ఆ సంగతి చెబుతూ పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

అందుకని 2003 జాబితాను పంతం పట్టి రాశాను. నాకు నచ్చినవి కాదు, తలుపు దాటి వచ్చినవాళ్లను అడిగి మరీ రాశాను. అల్లాదుర్గ్ నుంచి వచ్చే రైతు మేకల రోగాల మీద పుస్తకం అడిగాడు. కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు కొలతలు బొమ్మలతో ఉన్నది అడిగారు. బస్సు కండక్టరుకు అపరాధ పరిశోధన నవల కావాలి, చివరి పేజీ చిరగకుండా ఉన్నది. పిల్లలకు నక్షత్రాల గురించి, ఆడవాళ్లకు ఒంటి సంగతుల గురించి, ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన కథలు. చౌరస్తా దగ్గర మోటార్ల రిపేరు దుకాణం గఫార్ సాబ్‌ది. రోజూ మధ్యాహ్నం పేపరు చదవడానికి వచ్చేవాడు. ఆయన కోరింది మోటార్ వైండింగ్ మీద తెలుగు పుస్తకం.

"మేడం, ముప్పై ఏండ్ల సంది తీగ చుట్టుతున్న. ఎందుకు చుట్టుతున్ననో జర సద్వి తెలుసుకుందమని" అన్నాడు.

జాబితాలో ముప్పై తొమ్మిది నిండాయి. నలభయ్యో పుస్తకం తనంతట తానే నడిచి వచ్చింది.

ఎల్దుర్తి బస్సు దిగి వచ్చిన మనిషి పేరు బాలమణి. అంగన్‌వాడీలో ఆయా. నలభై ఏళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదివిందట. కొంగు కింద నుంచి ఒక సన్నటి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. "బోరింగు కాడి ముచ్చట్లు". తొంభై ఆరు పేజీలు, పదకొండు కథలు, మెదక్‌లోనే చిన్న ప్రెస్సులో అచ్చయింది.

"ఎవరు రాసిండ్రు?" అని అడిగాను.

"నేనే మేడం."

"కూసో. అటెండర్ చాయ్‌కు పోయిండు, వచ్చినంక సలహాల రిజిస్టర్ తీస్తడు. అండ్ల నీ పేరు రాస్తే సాలు."

"నా పేరు కాదు మేడం, పుస్తకం పేరు ఎక్కాలె. నంబరు పడాలె" అంది. "మా ఊర్ల బడి సారు ఏమన్నడో ఎరుకేనా? అచ్చేసిన కాయితమంతా పుస్తకం కాదు, పెండ్లి పత్రిక గూడ అచ్చే ఏస్తరు, లైబ్రరీల నంబరు పడ్డదే పుస్తకం అన్నడు. అందరి ముంగట అన్నడు. మా చిన్నబిడ్డ గూడ ఆడనే ఉండె."

"దానికి కమిటీ ఉంటది. ముందుగాల నేను సదవాలె."

"సదువుండ్రి. మస్తుగ సదువుండ్రి. నేను మల్ల వస్త."

చదివాను. ఒక కథ చెబుతాను. బోరింగు అంటే మా వైపు చేతిపంపు. ఎండాకాలం దాని ముందు బిందెల వరుస ఉంటుంది. మనిషి అక్కడ నిలబడనక్కర్లేదు. బిందె పెట్టి పోతే వంతు ఉన్నట్టే, ఎవరూ జరపరు. ఆ కథలో ఒకామె బిందె వరుసలో పెట్టి ఇంటికి పోయి, తిరిగి రాకుండానే చనిపోతుంది. దినాలయ్యేదాకా ఆ బిందెను ఎవరూ తీయరు. వంతు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని నింపి ఆ ఇంటి ముందు పెడతారు, ఖాళీ బిందె తెచ్చి మళ్లీ వరుసలో పెడతారు. కథంతా ఆరు పేజీలే. నేను వేల పుస్తకాలు చూసిన మనిషిని. అది చదివి లేచి వరండాలోకి పోయి కాసేపు నిలబడ్డాను.

నాకొక అలవాటుంది. పుస్తకం చదివేటప్పుడు చేతిలో ఎర్ర పెన్సిలు ఉంటుంది. అచ్చుతప్పు కనబడితే కింద గీత గీసి, పక్కన సరైన మాట రాస్తాను. చివరి అట్ట లోపల మొత్తం వేస్తాను. మా నాయన పోస్టాఫీసులో పని చేశారు. పలక మీద నేను "పోయిండు" అని రాస్తే తుడిపించి "వెళ్ళాడు" అని రాయించేవారు. ఇంట్లో ఎట్లా మాట్లాడినా కాగితం మీద కాళ్లు కడుక్కుని రావాలి అనేవారు. ఆ మాట నాకు యాభై ఏళ్ల దాకా తప్పుగా తోచలేదు. బాలమణి పుస్తకంలో కూడా గీశాను. చివర మొత్తం వేశాను. నూట నలభై మూడు.

జాబితాలో నలభయ్యో అంకె దగ్గర పుస్తకం పేరు రాశాను. కొత్త రచయితైతే స్పెసిమెన్ కాపీ, అంటే కమిటీ చూడటానికి నమూనా ప్రతి, జతచేయాలని నియమం. నేను దిద్దిన ప్రతినే పంపాను. పొరపాటున కాదు, ఆలోచించే పంపాను. "కథలు చాలా మంచివి. సవరణలు గుర్తించి ఉన్నాను, మలి ముద్రణలో సరిచేసుకోవచ్చు" అని ఉత్తరంలో రాశాను. రచయిత్రికి మేలు చేస్తున్నాననుకున్నాను.

ఆగస్టులో జవాబు వచ్చింది. నలభైలో ఆరు ఒప్పుకున్నారు. మేకల పుస్తకం లేదు, కుట్టు పుస్తకం లేదు. మోటార్ వైండింగ్ ఎదురుగా "సాధారణ పాఠకులకు అనవసరం" అని రాసి ఉంది.

గఫార్ సాబ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "అంటే నేను సాధారణ పాఠకుణ్ని కానన్నట్టు. ఇంట్ల చెప్త మేడం, మా బేగం నమ్మది" అన్నాడు.

నలభయ్యో పుస్తకం ఎదురుగా: "భాష అశుద్ధం. అచ్చుతప్పులు అత్యధికం. తిరస్కరించడమైనది."

ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను పై ఆఫీసుకు పోయి గొడవ పెట్టుకున్నది అదే మొదటిసారి. మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కాను. ఆ ఆఫీసు పేరుతో గానీ అక్కడి మనిషి పేరుతో గానీ ఇప్పుడు పని లేదు. ఆయనది కూడా మన జిల్లాయే, మన ఊళ్ల మధ్య పుట్టినవాడే. అందుకే నా కోపం రెండింతలైంది.

"ఆరు పేజీల కథలో ఒక ఊరినంతా నిలబెట్టింది. మీరు చదివారా?" అని అడిగాను. కాగితం మీదే కాదు, ఆఫీసుల్లో కూడా నా నోట పుస్తకాల భాషే వచ్చేది.

"చదవనవసరం లేదండీ" అన్నాడాయన. "ఒక్క పుస్తకంలో నూట నలభై మూడు తప్పులుంటే గ్రంథాలయంలో పెట్టి పిల్లలకు ఏం నేర్పిస్తాం?"

ఆ అంకె నేను వేసిందే. ఆయన బీరువాలోంచి పుస్తకం తీసి, చివరి అట్ట తెరిచి నా ముందు పెట్టాడు.

"మేము లెక్కపెట్టలేదమ్మా. మొత్తం మీరే వేసి పంపారు. మాకు పని తగ్గించారు."

ఆ మాటలో వెటకారం కూడా లేదు. నిజంగానే ఆయన కృతజ్ఞతతో అన్నాడు. పుస్తకం తీసుకుని బయటికి వచ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి నా గీతలన్నీ మళ్లీ చూశాను. అచ్చులో అక్షరం పోయినవి, ఒత్తు తారుమారైనవి, ఒక పేరు రెండు రకాలుగా పడినవి కలిపి తొమ్మిది. మిగిలినవి నూట ముప్పై నాలుగు. "పోయిండు" కింద గీత, పక్కన "వెళ్ళాడు". "గట్ల" కింద గీత, "అలా". "యాదికొచ్చింది" కింద గీత, "గుర్తుకొచ్చింది". చనిపోయిన ఆమె ముసలి అత్త "బిందెను జరుపకుండ్రి" అంటుంది. ఆ మాట కింద కూడా గీత గీసి "జరపకండి" అని రాశాను. ఆ ముసలామె మా అమ్మలాగే మాట్లాడింది. మా అమ్మ నోట్లో మాటకు నేను ఎర్ర గీత గీశాను. కమిటీ మీద బయల్దేరిన కోపంలో సగం మెదక్ చేరేసరికి నా మీదికి తిరిగింది. మిగతా సగం ఇప్పటికీ వాళ్ల మీదే ఉంది. దిద్దింది నేనే కావచ్చు, చదవకుండా కొట్టేసింది వాళ్లు.

ఆ వారమే బాలమణి వచ్చింది. దాచలేదు. కాగితం చూపించాను, పుస్తకం కూడా చూపించాను. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ, వేలు పెట్టి నా చేతిరాత చదివింది.

"గిది తప్పా మేడం, పోయిండు?"

నేను బల్ల మీది ఎర్ర పెన్సిలు తీసి సొరుగులో పడేశాను.

"మొన్న నేనొచ్చినప్పుడు అటెండర్ చాయ్‌కు పోయిండు అన్నరు గద. ఆయన పోయిండా, వెళ్ళాడా?"

"పోయిండు" అన్నాను.

"మరింకేంది." పుస్తకం మూసింది. కోపం చేయలేదు. చేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను నియమాల పుస్తకం తెరిచి ఒక దారి చెప్పాను. కమిటీ ఒప్పుకోని పుస్తకాన్ని కూడా ఎవరైనా విరాళంగా ఇస్తే లైబ్రేరియన్ నంబరు వేయవచ్చు. డొనేషన్ అని కాలమ్ ఉంటుంది. "ఇప్పుడే రాస్త. ఎనిమిది వేల ఆరు వందల పంతొమ్మిదో నంబరు నీదే" అన్నాను.

"అంటే దానమా?"

"దానమే అనుకో."

"వద్దు. పాతబట్టలు గూడ దానమే ఇస్తరు. ఏరుకున్న వాట్ల ఉండాలె మేడం. ఏరేటోళ్లు ఏరినంకనే నంబరు పడాలె. లేకుంటే మా సారు మల్ల అంటడు, బతిమిలాడి పెట్టించుకున్నదని." తర్వాత పుస్తకాన్ని నా బల్ల సొరుగు వైపు జరిపింది. "గిది మీ కాడ ఉండనీయుండ్రి. బిందె పెట్టి పోతున్న అనుకోండ్రి. వంతు వచ్చినప్పుడు పిలువుండ్రి."

నంబరు లేని పుస్తకాన్ని గ్రంథాలయంలో ఉంచడం తప్పు. పాఠకులకు ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. ఆ రెండు తప్పులూ ఏడేళ్లు చేశాను. పుస్తకం వెనక అట్టకు డేట్ స్లిప్ అంటించాను. అది తీసుకెళ్లిన తేదీలు ముద్ర వేసే కాగితం. మొదట తీసుకెళ్లింది గఫార్ సాబ్. మూడు రోజుల్లో తెచ్చి ఇచ్చి, "ఎర్రగ ఉన్నయి వొదిలిపెట్టి సదివిన మేడం, మంచిగుంది" అన్నాడు. తర్వాత ఇంటర్ చదివే అమ్మాయిలు, కండక్టరు, దవాఖానలో పనిచేసే నర్సు. ప్రతి జూన్‌లోనూ జాబితాలో మళ్లీ ఆ పేరే రాశాను. ఉత్తరంలో ఈ వాక్యం చేర్చాను: "2003లో గుర్తించిన నూట నలభై మూడింటిలో నూట ముప్పై నాలుగు నా తప్పులు, రచయిత్రివి కావు." ఏడు జూన్‌లు, ఏడు ఉత్తరాలు. ఒక్కదానికీ జవాబు లేదు. ఏడేళ్లలో డేట్ స్లిప్ మీద ముద్రలు అరవై ఒకటి. మా దగ్గర నంబరున్న గెలుపు పుస్తకాల్లో చాలావాటికి ఒక్క ముద్ర కూడా లేదు.

2010 వచ్చింది, తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. రోడ్ల మీద వంటావార్పు, ఊరేగింపులు, బడుల బందులు. ఎవరి నోట విన్నా మన యాస, మన భాష. ఒక బుధవారం పై ఆఫీసు నుంచి ఫోను. తెలంగాణ భాషలో వచ్చిన పుస్తకాల జాబితా శనివారం లోపల కావాలట. అదే మనిషి. ఇంకా పెద్ద కుర్చీలోకి మారాడు.

"మేడం, మీ కాడ ఎన్నడో ఒకటి ఉండె గద, బోరింగుదో బాయిదో. గది పట్టుకొని రాండ్రి" అన్నాడు.

ఆ గొంతు అదే. మాట మాత్రం మారింది. శుక్రవారం నేనే తీసుకుపోయాను. ఆయన అటూ ఇటూ తిప్పి, పేజీలు తెరిచి, మొహం చిట్లించాడు.

"మస్తుంది మేడం. గిదే కావాలె మనకు. గీ ఎర్ర గీతలేంది? ఎవడు పెట్టిండు? మన భాషను గిట్ల అవమానిస్తరా?"

ఆయనకు నిజంగానే గుర్తు లేదు. దాంతో నాకు ఇంకా మండింది.

"నేనే పెట్టిన సార్. 2003ల. వాటిని చూసే మీరు వద్దన్నరు. చదవనవసరం లేదన్నరు. ఏడు ఉత్తరాలు రాసిన, మీ ఫైల్ల ఉంటయి, తీసి చూడుండ్రి."

"పాత ముచ్చట్లు ఎందుకు మేడం. ఇప్పుడు ఒప్పుకుంటున్నం గద."

"ఇప్పుడు అందరు ఒప్పుకుంటున్నరు సార్. ఒప్పుకోవాల్సింది అప్పుడు."

ఆయన నవ్వేసి సంతకం పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. ఊరేగింపులకు భయపడి పెట్టిన సంతకానికీ, చదివి పెట్టిన సంతకానికీ రిజిస్టరులో తేడా కనబడదు. రెండూ "ఎంపిక" కాలమ్‌లోనే పడతాయి. ఆ రోజు కూడా ఆయన కథ చదవలేదు.

అచ్చు ప్రతులు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి పుస్తకం మళ్లీ వేయాల్సి వచ్చింది. ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు దిద్దే కాగితాలు, బాలమణి నా ఇంటికే తెచ్చింది. "ఎర్ర పెన్సిలే తీసుకోండ్రి మేడం, భయపడకుండ్రి" అంది. తొమ్మిది పాత తప్పులూ పోయాయి. కొత్తవి రెండు దొరికితే దిద్దాను.

2011లో, నా పదవీ విరమణకు మూడు వారాల ముందు, కట్ట వచ్చింది. బాలమణికి కబురు పంపాను. చిన్నబిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల అప్పటికి టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. వాళ్ల ముందే రిజిస్టరు తెరిచి, ఎంపిక కాలమ్‌లో, తొమ్మిది వేల ఏడు వందల నలభై ఆరు అని రాశాను. బాలమణి అంకెను వేలితో తడిమి, బిడ్డకు చూపించింది.

కొత్త పుస్తకాల్లో చదవదగ్గవి ఏవి అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఎవరో వేసిన మొత్తం చూసి పుస్తకం కొట్టేయకండి, నేను వేసిందైనా సరే అని చెబుతాను. నా లెక్క ఎన్నడూ తప్పలేదు. నూట నలభై మూడు అంటే నూట నలభై మూడే. తప్పు ఏదో తెలియకుండా తప్పుల్ని లెక్కపెట్టాను. అంతే.

"మేడం, ఈసారి తప్పులెన్ని?" అని అడిగింది బాలమణి, ఆ రోజు వెళ్లబోతూ.

నేను ముందు రాత్రే చదివేశాను. "ఒకటి" అన్నాను.

"ఏడ?"

డెబ్బై మూడో పేజీ తీసి చూపించాను. ప్రూఫులో సరిగానే ఉంది. అచ్చువేసే ముందు ప్రెస్సులో ఎవరో తెలివైనవాడు తనంతట తాను ఒక మాట దిద్దాడు. "వెళ్ళాడు" అని ఉంది.

ఎర్ర పెన్సిలు తీసి, దాని కింద గీత గీసి, పక్కన "పోయిండు" అని రాశాను.